పేగుల్లో మొదలై మెదడు దాకా: పార్కిన్సన్స్ వ్యాధి నడిచే దారి ఏది?

కడుపులో పుండు పడితే ఇప్పుడు మాత్రలతో మానుతోంది. యాభై అరవై ఏళ్ల కిందట చాలామందికి ఆపరేషనే దిక్కు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరేలా చేసే సంకేతాలు మెదడు నుంచి కిందికి దిగే వేగస్ అనే నాడి గుండా వస్తాయి. అందుకని సర్జన్లు ఆ నాడినే కత్తిరించేవారు. సంకేతం ఆగేది, ఆమ్లం తగ్గేది, పుండు మానేది. కొందరికి నాడి మొదలునే పూర్తిగా కోసేవారు. మరికొందరికి జీర్ణాశయానికి వెళ్లే చిన్న కొమ్మలను మాత్రమే తీసేసేవారు. మంచి మందులు వచ్చాక ఈ ఆపరేషన్‌ను అందరూ దాదాపు మరచిపోయారు.

అయితే డెన్మార్క్, స్వీడన్ దేశాలు దేన్నీ అంత తేలిగ్గా మరచిపోవు. అక్కడ ఎవరికి ఏ ఆపరేషన్ జరిగింది, తర్వాత వారికి ఏ జబ్బు వచ్చింది అన్న వివరాలు జాతీయ రిజిస్టర్లలో దశాబ్దాల తరబడి భద్రంగా ఉంటాయి. 2015లో డెన్మార్క్ పరిశోధకులు ఆ రికార్డులను తిరగేశారు. వేగస్ నాడిని మొదలంటా కత్తిరించి ఇరవై ఏళ్లు దాటినవారిలో పార్కిన్సన్స్ వ్యాధి ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే దాదాపు సగమే ఉన్నట్టు వారికి కనిపించింది. 2017లో స్వీడన్ పరిశోధకులు ఇలాంటి ఆపరేషన్ జరిగిన 9,430 మంది వివరాలు చూశారు. మొత్తంగా లెక్కేస్తే పెద్ద తేడా లేదు. కానీ మొదలంటా కోసి, కనీసం ఐదేళ్లు గడిచినవారిని విడిగా చూస్తే ముప్పు సుమారు 40 శాతం తక్కువ. కొమ్మలు మాత్రమే కోసినవారికి అలాంటి రక్షణ ఏమీ కనిపించలేదు.

ఇవి తిరుగులేని లెక్కలు కావు. డెన్మార్క్ సమాచారాన్నే వేరే బృందం మరో పద్ధతిలో విశ్లేషిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. చేతులు వణకడం, నడక నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం వంటివన్నీ మెదడులోని ఒక చిన్న ప్రాంతం దెబ్బతినడం వల్ల వస్తాయని వైద్య విద్యార్థులందరూ చదువుకుంటారు. అలాంటప్పుడు కడుపుకు వెళ్లే నాడిని కోస్తే మెదడు జబ్బు ఎందుకు తగ్గాలి?

నాడి అంటే రెండు వైపులా రాకపోకలు సాగే దారి. పై నుంచి ఆజ్ఞలు కిందికి వచ్చినట్టే, కింది నుంచి కూడా ఏదో పైకి వెళ్తూ ఉండాలి. ఆ ‘ఏదో’ ఆకారం చెడిన ఒక ప్రోటీన్ అని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మడతలోనే ఉంది మర్మం

ప్రోటీన్ అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తుకొస్తాయి. కణంలో మాత్రం ప్రోటీన్లు పనిముట్లు. 20 రకాల అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చితే ఒక దండ తయారవుతుంది. ఆ దండ తనంతట తానే మెలికలు తిరిగి, మడతపడి, ఒక ఆకారానికి వచ్చాకే పనికొస్తుంది. ఏ మెలిక సాధ్యం, ఏది అసాధ్యం అన్న లెక్కను 1963లో ప్రపంచానికి అందించింది మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జి.ఎన్. రామచంద్రన్ బృందం. ‘రామచంద్రన్ ప్లాట్’ లేకుండా నేటికీ ప్రోటీన్ల నిర్మాణ శాస్త్రం పాఠ్యపుస్తకం ఉండదు. జీవితం చివరి సంవత్సరాల్లో ఆయన్ను కూడా పార్కిన్సన్స్ వేధించింది. 2001లో కన్నుమూశారు.

పార్కిన్సన్స్‌కు సంబంధించిన ప్రోటీన్ పేరు ఆల్ఫా-సిన్యూక్లిన్. 140 పూసల చిన్న దండ ఇది. ఒక నాడీకణం పక్క కణానికి రసాయన సందేశం పంపే చోట, అంటే కణం కొసన, ఎక్కువగా ఉంటుంది. చాలా ప్రోటీన్లలా దీనికి స్థిరమైన ఆకారం లేదు. వదులుగా, ముడి వేయని దారంలా తేలుతూ ఉంటుంది. ఆ వదులుతనమే దాని బలహీనత కూడా. ఎప్పుడో ఒకసారి అది చదునుగా మడతపడుతుంది. అలాంటి మరో ముక్క వచ్చి దానిమీద పేర్చుకుంటుంది, దానిమీద ఇంకొకటి. చివరికి కరగని పీచులా తయారవుతుంది. మంచి ఆకారంలో ఉన్న ప్రోటీన్ ఆ పీచు కొసకు తగిలితే అది కూడా అదే వంకర ఆకారానికి మారి అక్కడే అతుక్కుంటుంది.

గిన్నెడు పాలలో చెంచాడు పెరుగు తోడేస్తే తెల్లారేసరికి పాలన్నీ తోడుకుంటాయి కదా, అలాంటిదే అనిపిస్తుంది. కానీ ఈ పోలికలో ఒక లోపం ఉంది. పెరుగులో ఉన్నది బ్యాక్టీరియా. అది ప్రాణమున్న జీవి, సంతానం పెంచుకుంటుంది. ఇక్కడ ప్రాణం లేదు, జన్యువు లేదు. ఉన్నది ఆకారం మాత్రమే. కాబట్టి పటికబెల్లం మరింత దగ్గరి పోలిక. చిక్కటి పంచదార పాకంలో దారం వేలాడదీస్తే దానిమీద ఒక స్ఫటికం కుదురుతుంది. అది కుదిరాక మిగతా పంచదార దాని వరసలోనే పేరుకుంటుంది. తోడు పోలికలో పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. పుల్లటి పెరుగు తోడేస్తే పెరుగు పుల్లగానే వస్తుంది. ఆల్ఫా-సిన్యూక్లిన్ కూడా అంతే. ఒక తరహాలో మడతపడితే పార్కిన్సన్స్, మరో తరహాలో పడితే ‘మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ’ అనే మరింత వేగంగా ముదిరే వ్యాధి. ఈ రెండు వ్యాధులతో మరణించినవారి మెదళ్ల నుంచి తీసిన పీచులను అత్యాధునిక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల కింద పెట్టి చూశారు. ప్రోటీన్ ఒకటే, మడతలు వేరు.

ఈ దారి ముందే వేసి ఉంది

ఆకారం ఒక్కటే జబ్బును మోసుకుపోగలదన్న మాటను మొదట్లో ఎవరూ నమ్మలేదు. 1982లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ ఇలాంటి ప్రోటీన్‌కు ‘ప్రయాన్’ అని పేరు పెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. జన్యుపదార్థం లేకుండా అంటుజబ్బు ఎలా వస్తుందన్నది వారి అభ్యంతరం. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి దాని రుజువు బ్రిటన్‌లో జనం తినే భోజనం దాకా వచ్చేసింది.

పశువుల దాణాలో చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడి కలిపి తినిపించడంతో 1980లలో అక్కడి ఆవులకు మెదడు గుల్లబారే జబ్బు పట్టుకుంది. పత్రికలు ‘మ్యాడ్ కౌ’ అన్నది దాన్నే. ఆ మాంసం తిన్న మనుషులకు అదే జబ్బు మరో రూపంలో సోకిందని 1996లో తేలింది. బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు. వారిలో చాలామంది చిన్న వయసువాళ్లు.

నోటి ద్వారా కడుపులోకి వెళ్లింది మెదడు దాకా ఎలా ఎక్కింది? జంతువులపై చేసిన ప్రయోగాల్లో ఆ దారి చాలావరకు బయటపడింది. పేగు గోడలో రోగనిరోధక కణాలు గుబుర్లుగా ఉంటాయి. మొదటి మజిలీ అక్కడే. అక్కడి నుంచి ప్లీహం, ఇతర లింఫ్ కణజాలాలు. ఆ కణజాలాలకు వచ్చే సన్నని నరాల కొసలను పట్టుకుని వెన్నుపాముకు, వేగస్ గుండా మెదడు కాండానికి. ఇదంతా జరుగుతున్నంత కాలం మనిషి పైకి ఆరోగ్యంగానే ఉంటాడు. బ్రిటన్‌లో మామూలు ఆపరేషన్లలో తీసేసిన 32,441 అపెండిక్స్‌లను పరీక్షించగా 16 నమూనాల్లో ఈ ప్రోటీన్ జాడ దొరికింది. ఈ ఫలితం 2013లో వెలువడింది. జబ్బు లక్షణాలు ఏవీ లేకుండానే అది వారి శరీరంలో ఉందన్నమాట.

పాపువా న్యూగినీలోని ఫోరె తెగలో ‘కురు’ అనే ప్రయాన్ జబ్బు ఇంకా నింపాదిగా పనిచేసింది. చనిపోయిన బంధువుల శరీరాన్ని తినే అంత్యక్రియల ఆచారం ద్వారా అది పాకింది. ఆచారం 1950ల చివరికల్లా ఆగిపోయింది. కానీ చిన్నప్పుడు అందులో పాల్గొన్న కొందరికి 50 ఏళ్ల తర్వాత జబ్బు బయటపడింది.

కాబట్టి పేగు నుంచి మెదడుకు దారి ఉందన్నది ఊహ కాదు. ప్రయాన్లు నడిచి చూపించాయి. ఎవరికీ అంటుకోని, వృద్ధాప్యంలో వచ్చే పార్కిన్సన్స్‌కు ఆ దారితో ఏం పని అన్నదే అసలు ప్రశ్న.

వందేళ్లు ఎవరూ పట్టించుకోని ఆచూకీ

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించినప్పుడే రోగుల పేగులు మందగించడాన్ని ప్రస్తావించారు. 1912లో ఫ్రిట్జ్ లూయీ అనే జర్మన్ వైద్యుడు రోగుల మెదడు కణాల్లో గుండ్రటి ముద్దలను చూశారు. ‘లూయీ బాడీస్’ అనే పేరు అలా వచ్చింది. అవి ఆల్ఫా-సిన్యూక్లిన్‌తో నిండిన ముద్దలని తేలడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. ఆసక్తికరమైన సంగతేమిటంటే, లూయీ వాటిని మొదట చూసిన చోట్లలో ఒకటి మెదడు కాండంలో వేగస్ నాడి బయల్దేరే కేంద్రం. కదలికలను నియంత్రించే డోపమైన్ కణాలుండే ‘నల్లపదార్థం’లో ఆ ముద్దలను 1919లో త్రెత్యకోవ్ అనే మరో వైద్యుడు గుర్తించారు. ఆ తర్వాత అందరి చూపూ అటే మళ్లింది. వేగస్ కేంద్రం సంగతి పక్కన పడిపోయింది.

దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది జర్మనీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త హైకో బ్రాక్. చనిపోయినవారి మెదళ్లను పొరలుగా కోసి, ముద్దలు ఎక్కడెక్కడ ఉన్నాయో 2003లో ఒక పటంలా గీశారు. జబ్బు ఇంకా ముదరని వారిలో ముద్దలు రెండు చోట్లే కనిపించాయి. ఒకటి వాసన పసిగట్టే భాగం. రెండోది వేగస్ కేంద్రం. ముదిరినవారిలో అవి మెట్టుమెట్టుగా పైకి ఎక్కి, నల్లపదార్థానికి మూడో మెట్టులో చేరాయి. చేతులు వణికేది ఆ తర్వాతే. ముక్కు నుంచో కడుపు నుంచో ఏదో లోపలికి వచ్చి ఉండాలన్నది బ్రాక్ ఊహ.

అయితే చనిపోయినవారి మెదడులో చూసింది ఒక్క క్షణపు ఫొటో లాంటిది. ముద్దలు నిజంగా ‘నడిచాయా’, లేక ఆయా కణాలు ఒకదాని తర్వాత ఒకటి తమంతట తామే పాడయ్యాయా అన్నది ఆ ఫొటో చెప్పలేదు. 2008లో సర్జన్లు అనుకోకుండా దానికి జవాబిచ్చారు. 1980ల చివర్లో, 90లలో కొందరు పార్కిన్సన్స్ రోగుల మెదడులోకి గర్భస్థ పిండాల నుంచి తీసిన లేత నాడీకణాలను ఎక్కించారు. వారిలో కొందరు 11 నుంచి 16 ఏళ్ల తర్వాత చనిపోయారు. ఎక్కించిన ఆ కణాల్లోనూ లూయీ ముద్దలు కనిపించాయి. పదహారేళ్లు దాటని కణాల్లో ముసలితనపు జబ్బు! చుట్టూ ఉన్న రోగగ్రస్త కణాల నుంచి వచ్చిందనడం కంటే తేలికైన వివరణ ఇంతవరకు దొరకలేదు. ఈ కథ మొత్తంలో నన్ను బాగా ఒప్పించిన సాక్ష్యం ఇదే.

తర్వాత ఎలుకల వంతు. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వర్జీనియా లీ బృందం ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మెదడులో ఒక్క చోట, ఒక్కసారి, ఈ పీచుల తునకలను సూదితో ఎక్కించింది. అవి నాడుల దారి పట్టి దూరంగా ఉన్న భాగాలకు పాకాయి. డోపమైన్ కణాలు చచ్చిపోయాయి, ఎలుకల కదలిక దెబ్బతింది. 2019లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం బృందం సూదిని మెదడులో కాకుండా జీర్ణాశయం చివర, చిన్నపేగు మొదట్లో ఉండే కండరంలో గుచ్చింది. నెల రోజులకు వేగస్ కేంద్రంలో, ఆపై నెలల్లో నల్లపదార్థంలో, తర్వాత ఇంకా పైన ముద్దలు తేలాయి. ముందే వేగస్‌ను కోసేసిన ఎలుకల మెదడుకు ఏమీ కాలేదు. శరీరంలో ఆల్ఫా-సిన్యూక్లిన్ అసలు తయారే కాని ఎలుకలకూ ఏమీ కాలేదు. ఈ చివరి ముక్క కీలకం. పేగులో పెట్టిన పీచులే పాకుతూ మెదడుకు వెళ్తే రెండో రకం ఎలుకలకూ జబ్బు రావాలి. రాలేదంటే పైకి వెళ్తున్నది సరుకు మాత్రమే కాదు, మడత కూడా. దారి పొడవునా ఉన్న మంచి ప్రోటీన్‌ను చెడగొట్టుకుంటూ అది ముందుకు పోతోంది. పంచదార పాకం లేనిచోట పటికబెల్లం కట్టదు.

మా పెదనాన్న గోడను గుద్దిన రాత్రి

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా పెదనాన్న గుర్తొస్తూనే ఉన్నారు. ఆయనకు పార్కిన్సన్స్ అని తేలింది అరవై ఎనిమిదో ఏట. కానీ అంతకు పదేళ్ల ముందు నుంచే ఇసబ్‌గోల్ డబ్బా లేనిదే ఆయనకు రాత్రి గడిచేది కాదు. పొయ్యి మీద కూర మాడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదివేవారు. పెద్దమ్మ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, ‘వాసన రావట్లేదా మీకు?’ అని అరిచేది. ఇక నిద్రలో కేకలు. ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసిరేవారు. ఒక రాత్రి మంచం పక్క గోడను గుద్ది వేళ్లు వాచిపోయాయి. గాలి సోకిందేమోనని ఊళ్లో తాయెత్తు కట్టించారు. చూపించిన డాక్టర్లు మలబద్ధకానికి ఒక మందు, నిద్రకు ఒక మందు రాసి, వయసు అన్నారు. మూడింటినీ కలిపి చూసినవారు లేరు. వారిని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో అలా చూడాలని చాలామందికి తెలియదు.

కలలు వచ్చే నిద్రలో మన కండరాలను మెదడు కాండం కదలకుండా ఆపి ఉంచుతుంది. అందుకే కలలో పరుగెత్తినా మంచం మీద కదలం. ఆ అడ్డు పోతే కలను శరీరం నటిస్తుంది. ఆ అడ్డును నడిపే కణాలు వేగస్ కేంద్రానికి ఎగువన, నల్లపదార్థానికి దిగువన ఉన్నాయి. అంటే బ్రాక్ గీసిన మెట్ల మీద సరిగ్గా మధ్యలో.

అలాగని పార్కిన్సన్స్ అందరికీ పేగుల్లోనే మొదలవుతుందని చెప్పడం తప్పు. చాలామంది రోగుల మెదళ్లు బ్రాక్ పటానికి సరిపోవు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్ బోర్గ్‌హామర్ బృందం ఇందుకు ఒక వివరణ ఇచ్చింది. వ్యాధి రెండు రకాలు: ఒంట్లో ముందు పుట్టేది, మెదడులో ముందు పుట్టేది. 2020లో వారు స్కానింగ్‌లతో చూపినదేమిటంటే, నిద్రలో కేకలు వేసేవారిలో గుండెకు, పేగులకు వెళ్లే నరాలు ముందుగా దెబ్బతిని ఉన్నాయి, మెదడులో డోపమైన్ ఇంకా బాగానే ఉంది. అలాంటి నిద్ర సమస్య లేని కొందరు రోగుల్లో సరిగ్గా దీనికి ఎదురు. పెదనాన్నది మొదటి రకమేమోనని నా అనుమానం. అనుమానమే.

పేగు ఒక్కటే ద్వారం కాదనీ అంటున్నారు. చైనాలోని వుహాన్ పరిశోధకులు 2025లో మూత్రపిండాల వైపు వేలు చూపారు. రక్తంలోని ఆల్ఫా-సిన్యూక్లిన్‌ను తొలగించే పని మూత్రపిండాలదనీ, అవి చెడితే అక్కడ పేరుకున్న ప్రోటీన్ నరాల గుండా మెదడుకు చేరగలదనీ ఎలుకల్లో చూపించారు. మూత్రపిండాల నరాలను తొలగిస్తే ప్రయాణం ఆగింది.

మొదటి మడత ఎందుకు పడుతుంది?

ఇక్కడికొచ్చేసరికి నేల కాస్త మెత్తబడుతుంది. ఎలుకకు సూదితో ఎక్కించవచ్చు. మనిషి పేగులో మొదటి తునకను ఎవరు పెట్టారు?

పేగులో వాపు ఒక అనుమానితుడు. పేగు ఇన్ఫెక్షన్ సోకిన పిల్లల పేగు నాడుల్లో ఆల్ఫా-సిన్యూక్లిన్ పెరుగుతుందని 2017లో తేలింది. అంటే ఈ ప్రోటీన్ అక్కడ రక్షణ పని కూడా చేస్తున్నట్టుంది. ఎక్కువగా తయారైనప్పుడు తప్పు మడత పడే అవకాశమూ పెరుగుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులది మరో పాత్ర. 2016లో కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగంలో, జబ్బుకు అనువుగా పుట్టించిన ఎలుకలకు పార్కిన్సన్స్ రోగుల పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే లక్షణాలు ముదిరాయి, సూక్ష్మజీవులే లేకుండా పెంచితే తగ్గాయి.

ఇక పురుగుమందులు. రోటెనోన్, పారాక్వాట్ అనే రసాయనాలను వాడినవారిలో పార్కిన్సన్స్ ఎక్కువని అమెరికా రైతు కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు చెప్పాయి. పారాక్వాట్ తెలుగు రైతులకు గడ్డిమందుగా బాగా తెలిసినదే. అది తాగి చనిపోయినవారి వార్తలు రాయని జిల్లా విలేకరి ఉండరు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దానికి అనుమతి లేదు. మన దగ్గర చర్చంతా తాగితే బతకరన్న దాని మీదే నడిచింది, అది సబబే. ఏళ్ల తరబడి పిచికారీ చేసే కూలీల నరాలకు ఏమవుతోందన్నది కూడా అడగాల్సిన ప్రశ్న.

అంటుకుంటుందా?

ప్రయాన్లతో పోల్చగానే వచ్చే భయం ఇది. పార్కిన్సన్స్ రోగిని తాకితే, అన్నం తినిపిస్తే, పక్కన పడుకుంటే జబ్బు వస్తుందనడానికి ఆధారం ఏదీ లేదు. దశాబ్దాలుగా రోగులకు సేవ చేస్తున్న భార్యలు, భర్తలు, నర్సులే అందుకు సాక్ష్యం. ఒకే శరీరంలో ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకడం వేరు, మనిషి నుంచి మనిషికి అంటడం వేరు.

ఒక అసాధారణ ఉదంతం మాత్రం చెప్పుకోవాలి. అది పార్కిన్సన్స్ గురించి కాదు, అల్జీమర్స్ గురించి. బ్రిటన్‌లో 1959 నుంచి 1985 దాకా, ఎత్తు పెరగని కనీసం 1,848 మందికి శవాల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కొన్ని బ్యాచ్‌లలో ప్రయాన్లు ఉండటంతో కొందరు చనిపోయారు. ఆ వైద్యం 1985లో ఆగింది. 2024 జనవరిలో లండన్ పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. ఆ ఇంజెక్షన్లు తీసుకుని ప్రయాన్ జబ్బు బారిన పడని ఎనిమిది మందిని పరిశీలిస్తే, వారిలో ఐదుగురికి 38 నుంచి 55 ఏళ్ల మధ్యే అల్జీమర్స్ తరహా మతిమరుపు మొదలైంది. కండరంలోకి ఇచ్చిన ఇంజెక్షన్‌లో ఉన్న అమిలాయిడ్ ప్రోటీన్ తునకలు దశాబ్దాల తర్వాత మెదడులో ఫలించాయన్నది వారి నిర్ధారణ. ఆ వైద్యం ఇప్పుడు ఎక్కడా లేదు, కాబట్టి మామూలు మనుషులకు భయం అక్కర్లేదు. కానీ ఒంట్లో వేసిన విత్తనం మెదడులో మొలవగలదని మనుషుల్లో ఇంత సూటిగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు.

పరీక్ష ఉంది, మందు లేదు

ఆకారం ఆకారాన్ని పుట్టిస్తుందన్న సూత్రాన్నే తిప్పి పరీక్షగా మార్చారు. రోగి వెన్ను నుంచి తీసిన ద్రవంలో వంకర తునక ఒక్కటి ఉన్నా, దానికి పరీక్షనాళికలో మంచి ప్రోటీన్‌ను మేతగా వేస్తే అది పెరిగి పెరిగి యంత్రానికి కనిపించేంత అవుతుంది. ప్రయోగశాలలో తోడు పెట్టడమే ఇది. 1,123 మందిపై చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో పార్కిన్సన్స్ ఉన్నవారిలో సుమారు 88 శాతం మందిని ఈ పరీక్ష పట్టుకుంది. వణుకు మొదలుకాని, నిద్ర సమస్యో వాసన తెలియకపోవడమో మాత్రమే ఉన్నవారిలోనూ చాలామందికి పాజిటివ్ వచ్చింది.

మందుల సంగతి నిరాశగా ఉంది. ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లే ప్రోటీన్‌ను దారిలో పట్టుకునేందుకు తయారుచేసిన రెండు యాంటీబాడీలు, ప్రాసినెజుమాబ్, సిన్‌పనెమాబ్, మనుషులపై పరీక్షల్లో అసలు లక్ష్యాన్ని అందుకోలేదని 2022లో తేలింది. ఆలస్యంగా ఇచ్చారని కొందరు, ప్రోటీన్ నేరుగా కణాల మధ్య అతుకుల గుండా పోతే యాంటీబాడీకి దొరకదని మరికొందరు అంటున్నారు. అసలు ముద్దలే విషమా, లేక కణం తనను కాపాడుకోవడానికి చెత్తను ఒకచోట పోగేస్తోందా అన్న వాదనా ఇంకా తెగలేదు. ఈనాటికీ ప్రధాన మందు 1960లలో వచ్చిన లెవోడోపానే. మన చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఆ పదార్థం ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు చూపించారు. అది వణుకును, బిగుసుకుపోవడాన్ని తగ్గిస్తుంది. మడతను ఆపదు. పైగా పేగులు మందగిస్తే ఆ మాత్రే సరిగ్గా ఒంటికి పట్టదు.

ఇక్కడే ఇబ్బందికరమైన ప్రశ్న వస్తుంది. నిద్రలో కలలను నటించే రుగ్మత నిర్ధారణ అయిన 1,280 మందిని పలు దేశాల్లో గమనించగా, 12 ఏళ్లలో దాదాపు 73 శాతం మందికి పార్కిన్సన్స్ గానీ, దాని కోవకు చెందిన మరో వ్యాధి గానీ వస్తుందని లెక్క తేలింది. 2019 నాటి అధ్యయనం ఇది. ఆపే మందు లేనప్పుడు ఈ మాటను యాభై ఐదేళ్ల మనిషికి చెప్పాలా? వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చెప్పాలనే నేనంటాను. కొత్త మందుల ప్రయోగాలకు కావలసింది ఆ దశలో ఉన్నవారే. వ్యాయామం మొదలుపెట్టడానికీ అదే సమయం. వాంతులు తగ్గడానికి మామూలుగా రాసే మెటోక్లోప్రమైడ్ వంటి మందులు ఇలాంటివారికి మంచివి కావని డాక్టరుకు ముందే తెలుస్తుంది. మలబద్ధకం ఒక్కటే ఉంటే మాత్రం కంగారుపడాల్సిందేమీ లేదు. అది కోట్లమందికి ఉంటుంది, వారిలో అత్యధికులకు పార్కిన్సన్స్ రాదు. దాంతోపాటు వాసన తెలియకపోవడం, నిద్రలో చేతులు విసరడం కూడా ఉంటే న్యూరాలజిస్టుకు మూడూ కలిపి చెప్పాలి. వేగస్ నాడిని కోయించుకోవాలన్న ఆలోచన మాత్రం ఎవరూ చేయొద్దు. గుండె, ఊపిరితిత్తులు, జీర్ణక్రియ అన్నింటికీ ఆ నాడి కావాలి.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా పెద్దమ్మకు నాకు తెలిసినంతలో చెప్పాను. ఓపిగ్గా విన్నది. ‘ముందే తెలిస్తే మాత్రం ఏం చేసేవాళ్లంరా?’ అంది. కాసేపాగి తనే, ‘మంచం గోడ పక్కనుంచి జరిపేదాన్ని’ అంది.